కొంగ బొమ్మ సైకిలు

'మూడొందల యాభై... అంతకు మించి రూపాయి కూడా గిట్టదమ్మా' అన్నాడు పాత ఇనప సామాన్ల అబ్బాయి.

'తీసుకెళ్లవయ్యా' అన్నాడు నాన్న. బేరం కూడా ఆడలేదు.

కిలో వంకాయల దగ్గర ఐదు రూపాయల కోసం పది నిమిషాలు నిలబడే మనిషి మా నాన్న. అలాంటివాడు అంత తేలిగ్గా వదిలేస్తున్నాడంటే ఆ వస్తువంటే ఎంత కసి ఉండాలి!

రెండేళ్ల కిందటి సంగతి. తెనాలి పక్కన మా ఊళ్లో పాత పెంకుటింటికి మరమ్మతులు చేయిస్తూ ఇల్లూ గొడ్లసావిడీ ఖాళీ చేస్తున్నాం. సావిడి గోడకు ఆనించి, గోనెసంచుల కింద, తుప్పుపట్టిన సైకిలొకటి. నల్లరంగు బ్రష్షుతో పులిమి ఉంది. వెనక చక్రానికి అటూ ఇటూ పాలక్యాన్లు తగిలించే ఇనప కొక్కేలు. ఆ అబ్బాయికి దారి ఇద్దామని దాన్ని పట్టుకుని పక్కకు ఎత్తాను. చేతుల్లో కూడదీసుకున్న బలం సగం అలాగే మిగిలిపోయింది. ఖాళీ బిందెను నిండు బిందె అనుకుని ఎప్పుడైనా ఎత్తారా? అదిగో, అలా.

హ్యాండిల్ కింద రంగు పెచ్చు ఊడినచోట ఇత్తడి బిళ్ల, దాని మీద కొంగ తల కనిపించాయి.

'ఇది నేను తీసుకెళ్తా నాన్నా' అన్నాను.

నాన్న నావైపు కూడా చూడలేదు. 'సైకిలు మన ఇంటికి అచ్చిరాలేదమ్మా' అన్నాడు. ఆ మాట నాకు కొత్త కాదు. ఆరో తరగతిలో సైకిలు కొనివ్వమని రెండ్రోజులు అన్నం మానేసినప్పుడూ ఇదే అన్నాడు. చివరికి నాకు సైకిలు నేర్పింది పెద్దత్త కొడుకు.

మా ఇంట్లో ఇంగ్లండ్ మొత్తానికీ ఒకటే పేరు... లండన్! అందుకే అది 'తాతయ్య లండన్ నుంచి తెచ్చిన సైకిలు'. నిజానికి ఆయన ఉన్నది లండన్‌కి రెండొందల కిలోమీటర్ల దూరంలో, నాటింగ్‌హామ్‌లో. యంత్రాల పని నేర్చుకోవడానికి 1956లో వెళ్లాడు. రెండేళ్లుండి, లివర్‌పూల్‌లో యాంకర్ లైన్ వాళ్ల ఓడెక్కి బొంబాయిలో దిగాడు. అంత దూరం వెళ్లినవాళ్లు రేడియోలూ కోట్లూ తెచ్చుకుంటుంటే ఈయన ఎవరో తొక్కేసిన సైకిలు తెచ్చుకున్నాడేమిటని చుట్టాలు నవ్వారట. ఊళ్లోవాళ్లు 'కొంగ సైకిలు' అని పేరు పెట్టారు.

1971లో తాతయ్య పోయాడు, గుండెపోటు. నాన్నకు పన్నెండేళ్లు. రెండు గేదెలు, ముగ్గురు పిల్లలతో మిగిలింది నానమ్మ. మా ఇంటి పాలూ, చుట్టుపక్కల నాలుగిళ్ల పాలూ పోగుచేసి తెల్లారకముందే తెనాలి హోటళ్లకు వేసే పని నాన్న మీద పడింది. కమ్మరి దగ్గర కొక్కేలు పెట్టించారు, మేనమామ ఎవరో నల్లరంగు వేయించాడు. సీటు ఎక్కితే కాళ్లు అందని వయసులో కడ్డీ కిందినుంచి కాలు దూర్చి తొక్కాడట. అలా 1977 వరకూ, ఆరేళ్లు. ఉద్యోగం రాగానే మోపెడ్ కొనుక్కుని మళ్లీ సైకిలు ముట్టుకోలేదు.

ఆ రోజుల గురించి నాన్న చెప్పేది తక్కువ. పెద్దత్త చెప్పేది ఎక్కువ. 'ఒరే నాయనా, మీ నాన్న సంగతేం చెప్పను... ఊళ్లో పాలబ్బాయిలంతా కాలవ వంతెన గబగబా ఎక్కేసి పోతుంటే వీడు మాత్రం దిగి నెట్టుకుంటూ పోయేవాడు. లండన్ సైకిలు, బందరు లడ్డు కాళ్లు!' అని పడీపడీ నవ్వేది. మేమూ నవ్వేవాళ్లం. నాన్న కూడా నవ్వి, 'నాకు మొదట్నుంచీ పిక్కల్లో బలం లేదమ్మా' అనేవాడు. కాలేజీలో ఆటలు ఆడకపోవడానికీ, తిరుమల కొండ బస్సులోనే ఎక్కడానికీ అన్నిటికీ అదే కారణం.

హైదరాబాద్‌లో మాది రెండు గదుల ఫ్లాటు. 'బాల్కనీలో బట్టలారేసుకోవాలా వద్దా?' అన్నాడు మావారు సైకిల్ని చూసి. వద్దన్నట్టే అయింది, ఏడాదిన్నర పాటు!

మొదట చేసిన తెలివితక్కువ పని చెప్పేస్తాను. రంగు మొత్తం గీకించేసి కొత్తగా మెరిసే రంగు కొట్టిద్దామనుకున్నాను. నా అదృష్టం బాగుండి ముందు ఇంగ్లండ్‌లో ఒకాయనకు ఫొటోలు పంపించాను. అక్కడ 1955 నుంచీ వెటరన్ సైకిల్ క్లబ్ అని ఒకటుంది. పాత సైకిళ్ల పిచ్చివాళ్ల సంఘం. దానిలో సభ్యుడాయన. 'ఆ నల్లరంగు కింద ఏముందో చూడకుండా గీకుడు కాగితం పట్టుకోవద్దు' అని జవాబిచ్చాడు. ఫ్యాక్టరీలో కొలిమిలో కాల్చి పట్టించిన రంగు గట్టిది. బ్రష్షుతో వేసింది మెత్తనిది. ఓపిక పడితే పైది ఊడుతుంది, కిందది ఉంటుంది.

పిల్లాడు నిద్రపోయాక రోజూ అరగంట. గుడ్డపేలిక, కాస్త థిన్నరు, రూపాయి బిళ్లంత మేర. మూడు నెలలు పట్టింది. నల్లరంగు కింద ఆకుపచ్చ, చెరువు నీటి మీద ఎండ పడ్డప్పటి మెరుపుతో. సీటు కిందికి వచ్చే గొట్టం మీద చిన్న కాగితపు బొమ్మ సగం చెరిగిపోయి ఉంది. దానిలో మూడంకెలు... 531.

ఆ మూడంకెల వెనక ఒక ఊరి కథంతా ఉంది. బర్మింగ్‌హామ్‌లో రేనాల్డ్స్ అనే కంపెనీ 1897లోనే ఒక తమాషా గొట్టానికి పేటెంటు తీసుకుంది. బయటినుంచి చూస్తే అంతటా ఒకే లావు. లోపల మాత్రం రెండు చివర్లా మందం ఎక్కువ, నడిమధ్య పలచన. అతుకులు పడేది చివర్లలోనే కదా, బలం అక్కడుంటే చాలు, మధ్యలో బరువెందుకు అని! ఆ పద్ధతికి 1935లో మాంగనీస్, మాలిబ్డినం కలిపిన కొత్త ఉక్కు జోడించి 531 అని పేరు పెట్టారు. సైకిలు లోకంలో అది అయ్యెస్సై మార్కు లాంటిది. 1961లో వచ్చిన జాగ్వార్ ఈ-టైప్ కారు ముందు చట్రానికి కూడా ఆ గొట్టాలే వాడారు. గోటితో మీటితే మామూలు సైకిలు 'టక్' అంటుంది, ఇది 'టింగ్' అంటుంది. నమ్మకపోతే మా ఇంటికి రండి.

నాటింగ్‌హామ్ సంగతికొస్తే, ఆ ఊరంటే ర్యాలీ. 1880లలో ర్యాలీ స్ట్రీట్ అనే వీధిలో ఉన్న చిన్న దుకాణాన్ని ఫ్రాంక్ బౌడెన్ అనే ఆసామి తీసుకున్నాడు. వీధి పేరే సైకిలు పేరైంది. 1950ల మొదట్లోనే ఏడాదికి పది లక్షల సైకిళ్లు చేసే స్థాయికి వచ్చింది. అలన్ సిలిటో అక్కడ పనిచేసిన కుర్రాడే. ఆ కార్ఖానా జీవితమే అతని 'సాటర్‌డే నైట్ అండ్ సండే మార్నింగ్' నవలకు నేపథ్యం. 1958లో వచ్చింది, తాతయ్య ఓడెక్కిన ఏడాదే.

ఇక్కడో మాట. ర్యాలీ, హెర్క్యులిస్, ఫిలిప్స్, హంబర్, రడ్జ్... ఈ పేర్లు మన తాతలకు కొత్తవి కావు. కట్నం పట్టీల్లో గడియారం పక్కన ఉండేవి. 1949లో మద్రాసులో టీఐ సైకిల్స్ పెట్టారు, బెంగాల్లోని ఆసన్‌సోల్‌లో సేన్-ర్యాలీ వచ్చింది. ఇంగ్లండ్ సైకిలు ఇక్కడే తయారవడం మొదలైంది. కానీ మనకు వచ్చింది బరువు మోసే రకం. ఇరవై కిలోల నల్ల సైకిలు. వడ్లబస్తా వేసినా ఇంట్లో నలుగురినీ ఎక్కించినా కిమ్మనదు. తాతయ్యది ఆ జాతి కాదు. దాన్ని అక్కడ 'లైట్‌వెయిట్' అంటారు. మా ఇంటి కాటా మీద పదమూడున్నర కిలోలు తూగింది.

ఆ తేలిక సైకిళ్లు ఎవరివనుకున్నారు? దొరబాబులవి కాదు. వారమంతా కార్ఖానాలో పనిచేసి, అదే సైకిలు మీద పనికెళ్లి, ఆదివారం అదే సైకిలుతో పందెం వేసే కూలీలవి, గుమాస్తాలవి. ఆ పందేల కథ భలే ఉంటుంది. 1890లలో అక్కడి నేషనల్ సైక్లిస్ట్స్ యూనియన్ రోడ్ల మీద గుంపు పందేలు వద్దంది, పోలీసులు అసలు సైకిళ్లనే రోడ్డెక్కనివ్వరేమోనన్న భయంతో. పందెగాళ్లు ఊరుకుంటారా? నిమిషానికొకరు చొప్పున విడివిడిగా బయల్దేరి గడియారంతో పోటీపడటం మొదలుపెట్టారు. ఎవరి కంటా పడకుండా తెల్లవారుజామున, మెడ నుంచి చీలమండల దాకా నల్లబట్టల్లో! ఏ రోడ్డో బయటికి చెప్పేవారు కాదు, దారులకు అక్షరాలూ అంకెలతో సంకేతాలుండేవి. దొంగతనానికి వెళ్లేవాళ్లు కూడా అంత జాగ్రత్త పడరేమో. 1942లో పెర్సీ స్టాలార్డ్ అనే ఆయన ధైర్యం చేసి వేల్స్‌లోని లాన్‌గోలెన్ నుంచి వుల్వర్‌హాంప్టన్‌కు అందరినీ ఒకేసారి పరుగెత్తించాడు. యూనియన్ ఆయన్ని వెలేసింది.

మా సైకిలు ముందు చక్రం ఇరుసుకు అటూ ఇటూ చిన్న ఇనప చెవులున్నాయి. అవెందుకో ఎంత ఆలోచించినా అర్థం కాలేదు. క్లబ్బాయన చెప్పాడు. పందెం రోజున తేలికపాటి చక్రాలు విడిగా ఆ చెవులకు కట్టుకుని వెళ్లేవారట. అక్కడ మార్చుకుని, పందెం అయ్యాక మళ్లీ మామూలు చక్రాలు వేసుకుని ఇంటికి! అంటే తాతయ్యకు దీన్ని అమ్మినాయన చీకట్లో లేచి సైకిలెక్కిన మనిషే. పేరు కూడా తెలియదు మాకు.

ఇక అసలు పని. సికింద్రాబాద్‌లో ఓ సందులో చెట్టు కింద నలభై ఏళ్లుగా పంక్చర్లు వేస్తున్న చాచా దగ్గరికి తీసుకెళ్లాను. అంతకుముందు అద్దాల తలుపులున్న ఓ పెద్ద షాపుకీ వెళ్లాననుకోండి. అక్కడి కుర్రాడు పెడల్ కాడను ఇరుసుకు బిగించే కాటరు మేకును చూసి 'ఇదేంటి మేడం?' అన్నాడు. చాచా నవ్వాడు. 'మేం పొట్ట పోసుకున్నదే దీని మీద బేటా!'

పాత బ్రిటిష్ సైకిళ్లు బాగుచేసేవాళ్లకు ఈ కాటరు మేకు పెద్ద గండం. తీయడానికి ప్రత్యేకమైన పనిముట్లు చేయించుకుంటారు. చాచా ఇనప గొట్టం ముక్క కింద ఆసరా పెట్టి సుత్తితో రెండే దెబ్బలు వేశాడు. కొత్త మేకులు రెంటినీ ఒకే వాలుకు ఆకురాయి పట్టాడు. వాలు తేడా వస్తే పెడళ్లు రెండూ ఒకే గీతలో ఉండవు, కుంటివాడి నడకలా తిరుగుతాయి. చక్రాల పుల్లలు లెక్కపెట్టి, 'ముందు ముప్ఫై రెండు, వెనక నలభై. మన సైకిలే!' అన్నాడు. నిజమే. ఇంగ్లండ్ వాళ్ల ఆ పాత లెక్కే మన నల్ల సైకిళ్లకూ వచ్చింది. నేను దాన్ని పరాయి వస్తువనుకుని భయపడుతుంటే ఆయన మేనల్లుడు ఇంటికొచ్చినట్టు మాట్లాడాడు. ఆ 'ఓవరాయిలింగ్'కు చెప్పిన ధర పన్నెండు వందలు. నాకే సిగ్గేసి ఎక్కువిచ్చాను.

అన్నీ అంత సులువుగా కాలేదు. పాలక్యాన్ల కాలంలో బరువు ఆగడానికి చక్రాల రిమ్ములు మార్పించారు. అసలువి అటక మీద దొరికాయి, వంపు హ్యాండిల్‌తో పాటు. వాటికి 26 అంగుళాల టైరే కదా అని బజార్లో కొనుక్కొచ్చాను. ఎంత లాగినా ఎక్కదే! ఆ తర్వాత తెలిసింది. 26 అని రాసి ఉన్నవన్నీ ఒకటి కాదు. దొరికిన టైరు కొలత 590 మిల్లీమీటర్లు, మా రిమ్ముకు కావాల్సింది 597. ఏడు మిల్లీమీటర్ల తేడాకు ఆర్నెల్లు ఆగాల్సి వచ్చింది. లెస్టర్‌లో ఉండే మా పిన్ని కూతురు సంక్రాంతికి వస్తూ పెట్టెలో చీరల మధ్య మడతపెట్టి తెచ్చింది. 'మా అత్తగారు అడిగితే ఏం చెప్పనే?' అని తిట్టుకుంటూ.

పెడళ్ల ఇరుసు గిన్నెలూ అంతే. ప్రపంచమంతా వాడే కొలతకు బర్మింగ్‌హామ్ తుపాకుల కంపెనీ బీఎస్ఏ పేరే ఇప్పటికీ ఉంది. అంగుళానికి 24 మరలు. ర్యాలీ వాళ్లది మాత్రం సొంత లెక్క, 26. కొత్త గిన్నె రెండు చుట్లు తిరిగి బిగుసుకుంది. 'ఇంకొంచెం బలంగా తిప్పు చాచా' అన్నది నేనే. ఆయన తిప్పలేదు. తిప్పి ఉంటే చట్రం మరలు నలిగిపోయేవి. పాత గిన్నెలే కిరసనాయిల్లో నానబెట్టి, పక్కకు పదకొండు చొప్పున పావు అంగుళం బాల్సు కొత్తవి వేశాడు. తోలు సీటు సంగతి అడక్కండి, ఎలుకలు భోంచేశాయి.

కొక్కేలు ఉంచాలా, తీసేయాలా అన్నది తేల్చుకోలేకపోయాను. అవి నాన్న చెమట కదా అని నా బాధ. ఆఖరికి ఫోన్ చేసి గొంతులో కాస్త గాంభీర్యం తెచ్చుకుని అడిగాను. 'కోసిపారెయ్. అవేమన్నా మంగళసూత్రాలా?' అన్నాడు.

చివరికి మిగిలింది వెనక చక్రం హబ్బు. లావుగా, డబ్బాలా ఉంది. మసి తుడిస్తే అక్షరాలు కనిపించాయి... స్టర్మీ ఆర్చర్, ఏడబ్ల్యూ, 55, 4. అంటే 1955 ఏప్రిల్‌లో చేసింది. ర్యాలీ వాళ్లే 1902లో నాటింగ్‌హామ్‌లో మొదలుపెట్టిన కంపెనీ అది. ఈ ఏడబ్ల్యూ రకం 1936లో వచ్చింది. గేర్లన్నీ హబ్బు లోపలే దాక్కుని ఉంటాయి, మూడు.

గేరు హబ్బు విప్పడం చాచాకూ మొదటిసారే. పాత బొమ్మల కాగితం ఫోన్‌లో పెట్టుకుని ఇద్దరం కూర్చున్నాం. ఒక్కో ముక్కా తీసి వరసగా పేపరు మీద పేర్చాం. (మా పేపరే!) మధ్యలో ఇరుసుకు అతుక్కున్న చక్రం, దాన్ని సూర్యుడంటారు. ఇరవై పళ్లు. చుట్టూ తిరిగే నాలుగు గ్రహాలు. 'తక్కిన ఐదూ ఏవీ?' అన్నాడు చాచా. నవగ్రహాల లెక్క ఆయనకీ తెలుసు. వాటన్నిటి చుట్టూ అరవై పళ్ల వలయం. ఈ ఇరవైకీ అరవైకీ ఉన్న సంబంధంతోనే మూడు గేర్లూ పుడతాయి. నడిమి గేరులో గొలుసు ఎంత తిరిగితే చక్రం అంతే తిరుగుతుంది. కింది గేరులో అందులో ముప్పావు వంతు. తొక్కడం తేలిక. పై గేరులో ఒకటింబావు కన్నా కాస్త ఎక్కువ, కచ్చితంగా చెప్పాలంటే ఒకటీ మూడోవంతు. వేగం ఎక్కువ, తొక్కడం బరువు.

ఈ గేర్లు మార్చేది హ్యాండిల్ దగ్గరి మీట నుంచి వచ్చే సన్నటి తీగ. అది ఇరుసు చివర బోలుగా ఉన్న చోట వేలెడంత గొలుసుకు తగులుకుంటుంది. గొలుసును పూర్తిగా లాగితే కింది గేరు, సగం లాగితే నడిమిది, వదిలేస్తే పైది. మా హబ్బుకు ఆ చిన్న గొలుసు లేదు. మీట మాత్రం అటక మీద ఓ రేకుడబ్బాలో దొరికింది.

'గొలుసు లేకపోతే ఏమవుతుంది?' అన్నాడు చాచా.

బొమ్మల కాగితం మళ్లీ చూశాను. లాగేవాళ్లు లేకపోతే లోపలి స్ప్రింగు తనంతట తానే తోసేస్తుంది... పై గేరులోకి. అక్కడే ఉండిపోతుంది.

నమ్మబుద్ధి కాలేదు. హబ్బు బిగించి, సైకిల్ని తలకిందులుగా నిలబెట్టి, టైరు మీద సుద్దతో గీత గీశాం. ముందు పళ్లచక్రానికి 46, వెనకదానికి 18. మామూలుగా అయితే పెడల్ ఒక్కచుట్టు తిప్పితే వెనక చక్రం రెండున్నర చుట్లు తిరగాలి. చాచా తిప్పాడు, నేను లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు... దాటి ఇంకా పోయింది. దాదాపు మూడున్నర.

ఒక్క తొక్కుడుకు ఏడు మీటర్లు! ఊళ్లో మిగతా పాలబ్బాయిల నల్ల సైకిళ్లు ఐదున్నర మీటర్లకు అటూ ఇటూగా పోయేవి. ఎదురుగాలి లేని చదును రోడ్డు మీద, ఒంటి మీద బరువు లేని పందెగాడు తొక్కాల్సిన గేరది. పన్నెండేళ్ల పిల్లాడు రెండు పాలక్యాన్లు వేసుకుని, కడ్డీ కిందినుంచి కాలు దూర్చి, కాలవ వంతెన మీదికి దాన్ని తొక్కాలని చూశాడు. ఆరేళ్లు.

ఆ రాత్రి నాన్నకు ఫోన్ చేశాను. అటూ ఇటూ మాట్లాడి, 'నాన్నా, వెనక చక్రం ఇరుసు చివర చిన్న గొలుసుండేదా?' అన్నాను.

'ఉండేది. దాని తీగ ఎప్పుడో తెగిపోయింది. గొలుసు ఊరికే టకటకా కొట్టుకుంటుంటే నేనే పీకేయించా. ఏం?'

'ఏం లేదు' అన్నాను.

ఏం చెప్పను? 'నీ పిక్కల్లో లోపం లేదు నాన్నా, లోపం వేలెడంత గొలుసుది' అనా? యాభై ఏళ్లుగా ఆయన తన గురించి తాను నమ్ముతున్న మాట అది. అబద్ధమని తెలిస్తే సంతోషపడతాడో, ఆ ఆరేళ్ల మీద కొత్తగా దుఃఖపడతాడో నాకు తెలియలేదు. మావారు 'చెప్పెయ్' అన్నాడు. అమ్మ 'ఇప్పుడెందుకే' అంది. చాచా మాత్రం ఏమీ అనలేదు, తలకిందులుగా ఉన్న చక్రాన్ని ఊరికే తిప్పుతూ కూర్చున్నాడు.

గొలుసూ తీగా లెస్టర్ పెట్టెలోనే వచ్చాయి. స్టర్మీ ఆర్చర్‌ను 2000లో తైవాన్ కంపెనీ కొనేసింది. నాటింగ్‌హామ్‌లో ర్యాలీ సైకిళ్ల తయారీ 2002లో ఆగిపోయింది, ఆ స్థలంలో ఇప్పుడు విశ్వవిద్యాలయం ఉంది. అయినా 1955 నాటి హబ్బుకు పట్టే గొలుసు ఇప్పటికీ దొరుకుతోంది. తీగ బిగువు సరిచూడటంలో నేను పొరపాటు చేశాను. నడిమి గేరుకూ పై గేరుకూ మధ్య ఏ గేరూ లేని సందొకటి ఉంటుంది. అక్కడ పడితే పెడళ్లు గాల్లో తిరుగుతాయి. సందు మలుపులో అలా తిరిగి మోకాలు కొట్టుకుని నెలరోజులు కుంటాను.

మొన్న సంక్రాంతికి కారు వెనక కట్టుకుని ఊరికి తీసుకెళ్లాం. భోగి నాటి పొద్దున వాకిట్లో దించాను. నాన్న దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. 'మా నాన్న ఉన్నప్పుడు ఇదే రంగు' అన్నాడు. అంతే. కొంగ బొమ్మను మాత్రం కండువాతో తుడిచాడు, తుడవాల్సిన పనేం లేకపోయినా.

'ఒకసారి తొక్కు నాన్నా.'

'అరవయ్యారేళ్లొచ్చాయి, ఇప్పుడేం తొక్కుతానమ్మా.'

మీట ఎక్కడుందో చూపించాను. ఎత్తు వస్తే ఇది ఇటు నొక్కు అన్నాను. విన్నాడో లేదో తెలియదు. లుంగీ మడిచి కట్టుకుని ఎక్కాడు. మొదట్లో కాస్త తూలింది, తర్వాత సర్దుకుంది. మేం స్కూటరు మీద వెనకాలే వెళ్లాం.

కాలవ వంతెన కనిపించింది. నాన్న భుజాలు ఒక్కసారిగా కిందికి వాలాయి. కాళ్లు ఆగాయి. ఎడమకాలు పెడల్ మీదినుంచి లేచింది, దిగడానికి. ఎవరూ చెప్పక్కర్లేని అలవాటది.

'నాన్నా, నొక్కు!' అని అరిచాను.

నొక్కాడు. స్టర్మీ ఆర్చర్‌కు కావాల్సిందీ అదే, గేరు మారేటప్పుడు కాలు ఒక్క క్షణం ఆగాలి. 'టిక్' మన్న చప్పుడు వెనకున్న మాకు కూడా వినిపించింది. ఎడమకాలు మళ్లీ పెడల్ మీదికి వచ్చింది. సైకిలు వంతెన ఎక్కింది. పైన ఆగుతాడనుకున్నాం, ఆగలేదు. అవతలికి దిగిపోయాడు. ఇరవై నిమిషాల తర్వాత అదే వంతెన మీదుగా తిరిగొచ్చాడు.

ఇంటికొచ్చి చెంబెడు నీళ్లు తాగి అరుగు మీద కూర్చున్నాడు. సైకిల్ని దగ్గరికి లాక్కుని వెనక ఇరుసు వైపు వంగి చూశాడు. చిన్న గొలుసును వేలితో మీటాడు.

'ఇదేనా నువ్వు ఫోన్లో అడిగింది?'

'అదే నాన్నా.'

'ఇది లేకపోతే?'

చెప్పాను. సూర్యుడూ గ్రహాలూ ఏమీ చెప్పలేదు, ఏడు మీటర్ల సంగతి మాత్రం చెప్పాను. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. లోపల్నుంచి అమ్మ తొంగిచూసి వెనక్కి వెళ్లిపోయింది.

'మా నాన్న చెప్పేవాడే. నాకింకా కాళ్లందలేదని ఆగాడు' అన్నాడు.

కాసేపటికి కండువా భుజాన వేసుకుని లేస్తూ నావైపు తిరిగాడు. 'ఈ సంగతి మీ పెద్దత్తకు చెప్పకు. పాపం, ఇన్నేళ్లూ నవ్వినందుకు బాధపడుతుంది.'

నేను చెప్పలేదు. పెద్దత్త ఆదివారం పేపరు తెరవగానే ముందు చదివేది ఈ పేజీయే.